ఉత్తరాన గుట్ట దాక

దేవరకొండ దిక్కు మా ఊర్ల మా తాత కొన్న చెల్కకు ఒక సాదా బైనామా ఉంది, అంటే రిజిస్ట్రేషన్ లేకుంట తెల్ల కాయిదం మీద రాసుకున్న అమ్మకం పత్రం. తూర్పున బండ్ల బాట, పడమర వాగు, దక్షిణాన పాలోళ్ల చేను. ఉత్తరం కాడికి వచ్చేసరికి ‘గుట్ట దాక’ అని రాసి ఊకున్నరు. గుట్ట అంటే అడుగా, నడుమనా, మీది బండనా? ఆ ఒక్క మాటతోని మా నాయిన, ఆయన పాలోళ్లు ముప్పై ఏండ్లు మాట్లాడుకోలే.

దేశాల ఒప్పందాలు ఇట్ల ఉండయి, పెద్ద పెద్ద వకీళ్లు కూసొని రాస్తరు అని మొన్న ఒకాయన అన్నడు. నవ్వొచ్చింది. 1949 జూలైల కరాచీల భారత్, పాకిస్తాన్ కశ్మీర్‌ల కాల్పుల విరమణ రేఖ గీసుకున్నయి. పటం మీద ఎన్‌జే 9842 అనే పాయింటు కాడ గీత ఆపి, ‘అక్కడి నుంచి ఉత్తరానికి, హిమానీనదాల దాక’ అని రాసిన్రు. అచ్చం మా తాత కాయిదమే! ఆ మంచుల ఎవడుంటడులే అనుకున్నరేమో. 1972ల సిమ్లా ఒప్పందం తర్వాత నియంత్రణ రేఖ గీసినప్పుడు గూడ ఆ పాయింటు దాటలే.

పాకిస్తాన్ ఆడికెళ్లి ఈశాన్యానికి, కారకోరం కనుమ దాక గీత గుంజింది. మనోళ్లు సియాచిన్ హిమానీనదానికి పడమర దిక్కున్న సాల్తోరో శిఖరాల మీదికెళ్లి అన్నరు. (నిజం చెప్పాలంటే ఆ శిఖరాలు గూడ తిన్నగ ఉత్తరానికి పోవు, వాయవ్యానికి తిరుగుతయి. ఇగ తిట్టుండ్రి నన్ను.) 1984 ఏప్రిల్‌ల ఆపరేషన్ మేఘదూత్‌తోని మన సైన్యం సియాచిన్ ఎక్కింది, ఇప్పటికీ దిగలే. అక్కడ తూటాలకన్నా చలికి, మంచు చరియలకు పోయిన జవాన్లే ఎక్కువ.

అర్థం తేల్చనీకి రూల్ లేదా అంటే ఉంది. దేశాల ఒప్పందాల మీద 1969ల చేసుకున్న వియన్నా ఒడంబడిక 31వ అధికరణం: మాటకున్న మామూలు అర్థం, సందర్భం, ఒప్పందం ఉద్దేశం కలిపి సూడాలె. తెగకపోతే 32 ప్రకారం రాసేటప్పటి చర్చలు, ముసాయిదాలు తిరగెయ్యాలె. మన దేశం దాంట్ల చేరనే లేదు, అది వేరే ముచ్చట. మా ఊర్ల పెద్దమనుషులు గూడ గదే అన్నరు, ‘రాసినాయనను అడుగుండ్రి’ అని. ఆయన ఎన్నడో కాలం చేసిండు.

నా కోపం రాసెటోళ్ల తెలివితక్కువతనం మీద కాదు. తెలిసే రాస్తరు. ఆ పూట పంచాయితీ తెగాలె, ఇద్దరూ ఇంటికి పోయి ‘నేనే గెలిచిన’ అని చెప్పుకోవాలె. గట్టి మాట రాస్తే ఒకడు వేలిముద్ర వెయ్యకుంట లేచిపోతడు. అందుకే ‘గుట్ట దాక’.

పోయిన ఎండాకాలం సర్వేయర్‌ను పిలిపించినం. గొలుసు పట్టుకొని ‘గుట్ట ఏడికెళ్లి మొదలైతది?’ అని అడిగిండు. నేనూ, మా పాలోళ్ల పిల్లగాడూ ఒక్కసారే చెయ్యి చాపినం, నేను పైకి, వాడు కిందికి.