బాత్రూం వెంటిలేటర్‌లోని అట్టముక్క గారికి

మహారాజశ్రీ అట్టముక్క గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అందులో తమ చలవేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

సత్యనారాయణపురంలోని మా ఫ్లాట్‌కి తమరు వచ్చి రెండు చలికాలాలైంది. పిలిచింది నేనే, ఒప్పుకుంటాను. బెజవాడ మూడు కాలవల ఊరు. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, ఎటు తిరిగినా నీళ్లే, నీళ్లున్నచోట దోమలే. సాయంత్రం ఆరు దాటితే వెంటిలేటర్లోంచి దండు దిగేది. దానికి తోడు ఒక బల్లి. మా ఆవిడ కేక పెట్టింది. నేను కొత్త గ్యాస్ గీజర్ వచ్చిన అట్టపెట్టె చింపి, కూరగాయల కత్తితో కొలతకి కోసి, తమర్ని అద్దపు రెక్కల వెనక దూర్చి, నాలుగు పక్కలా బ్రౌన్ టేపు అంటించాను. దోమ రాలేదు, బల్లి రాలేదు. గాలీ రాలేదు.

ఆ గీజర్ని తమకి సరిగ్గా ఎదురుగా, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు బాత్రూంలోనే బిగించాం. మా నాయనమ్మ ఏ బడికీ వెళ్లలేదు. అయినా రాగి కాగు పెరట్లో మూడు రాళ్లమీద పెట్టి, పొగని ఆకాశానికి వదిలి, నీళ్లు మాత్రం లోపలికి తెచ్చేది. మేం చదువుకున్నవాళ్లం గనక పొయ్యినే స్నానాలగదిలోకి తెచ్చుకుని గడియ పెట్టుకున్నాం. అయినా తమ వంశం పాతదేలెండి. మా అత్తగారు బాలింతగా ఉన్నప్పుడు, గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీ సందుల్లో పాతచీర పేలికలు కుక్కేవారట. తమ ముత్తవ్వలు.

మొన్న భోగి. సంక్రాంతికి అల్లుడు అత్తారింటికి వెళ్లడం ఆచారం. ఈసారి గుంటూరు నుంచి అత్తారే మా ఇంట్లో దిగారు (ఆ ఖర్చు గురించి వేరే లేఖ రాస్తాను, పర్సుకి). తలంట్లు వరసగా సాగాయి. గీజర్ గంటసేపు మండుతూనే ఉంది. ఆఖరి వంతు మా బావమరిదిది. కుంకుడు పులుసు వదిలేసరికి అరగంట. బయటికొచ్చి, సోఫా అంచు పట్టుకుని, "బావా, తల తిరుగుతోంది" అంటూ కూలబడ్డాడు. వెంటనే వాంతి.

మామగారు ఒక్క చూపు చూసి "గ్యాసే" అన్నారు. వాము నమలమన్నారు. మామగారి మాట ఎప్పుడూ తప్పదు. గ్యాసే. కాకపోతే కడుపులోది కాదు.

అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి నిప్పుల్లో వేశారు. ఇల్లంతా దగ్గుకుంటూ, తలుపులు బార్లా తీసి, అతన్నీ లాక్కుని మెట్లమీదికి పరుగు. అక్కడ చల్లగాలికి కాసేపట్లోనే మొహం తేటపడింది. "చూశారా, దిష్టి పోయింది" అన్నారావిడ. కాదనడానికి నాకు నోరు రాలేదు. గుంటూరు మిరపకాయ చెప్పి కొడుతుంది. గాలి చాలక గ్యాస్ అరకొరగా మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ మర్యాద లేదు. రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే మనకి తెలియాలని కలిపే ఆ కుళ్లు కంపు కూడా మంటలో కాలిపోతుంది.

కరోనానాటి ఆక్సీమీటర్ బీరువాలోంచి తీసి వేలికి పెడితే 98 చూపించింది. హమ్మయ్య అనుకున్నాం. మెడిసిన్ చదువుతున్న మా మేనల్లుడు ఫోన్లో అరిచాడు. "మామయ్యా, దాన్ని నమ్మకు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో, ఈ విషమో దానికి తేడా తెలీదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ముందు గీజర్ ఆపి, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లు." తీసుకెళ్లాం. సాయంత్రం దాకా ఆక్సిజన్ మాస్కు. భోగి పళ్లు ఆస్పత్రి వరండాలో పోయాల్సొచ్చింది మా చిన్నదానికి.

గీజర్ ఇప్పుడు బాల్కనీలో ఉంది. గోడకి బెజ్జం కొట్టి వేడినీళ్ల గొట్టం మాత్రం లోపలికి లాగారు, ప్లంబర్‌కి పూటపని. హాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాం. ఎదురు ఫ్లాట్ పెద్దాయన "మా వంటింట్లో గ్యాస్ అలారం ఉందిగా, చాలదూ?" అన్నారు. అది సిలిండర్ గ్యాస్ లీకైతే మోగేదండీ, ఆ గ్యాస్ గాలికంటే బరువు, అందుకే నేలకి దగ్గరగా పెడతారు, కార్బన్ మోనాక్సైడ్‌ని అది గుర్తుపట్టదు అంటే ఆయన నమ్మలేదు. అలారం కొన్నాం కదా, గీజర్ని బాత్రూంలోనే ఉంచేద్దామని నేనూ ఒకసారి అన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు. చూసింది, అంతే.

తమ స్థానంలో ఇప్పుడు దోమల జాలీ ఉంది. బల్లి జాలీ మీదే కాపురం పెట్టింది. ఉండనీ.

తమర్ని ఊడదీసి వెనక్కి తిప్పి చూశాను. రెండేళ్లుగా పక్కింటి గోడకేసి తిరిగి, ఎండకి వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు కనిపించాయి: గాలి బాగా ఆడేచోట మాత్రమే బిగించ... మిగతా ముక్క నా కత్తి కింద పోయింది.

ఇట్లు,
తమర్ని కోసినవాడు