పిచికారీ డాక్టరు గారికి కాంపౌండరు రాయునది

మహారాజశ్రీ పిచికారీ డబ్బా గారికి నమస్కారాలు.

మూడేళ్లుగా మీ దగ్గర కాంపౌండరుగా పనిచేస్తున్నాను. మూతతో కొలిచి మందు కలపడం, మీకు గాలి కొట్టడం, మిమ్మల్ని మొక్క మొక్కకూ మోసుకెళ్లడం నా ఉద్యోగం. ఇంతకాలం నోరు మెదపలేదు. ఇక ఆగలేను.

పశువుల మందు పశువులు బాగుపడటానికి. పిల్లల మందు పిల్లలు కోలుకోవడానికి. పురుగుల మందు మాత్రం పురుగులు చావడానికే అనుకున్నాను. ఆ పేరు పెట్టినవారికి అసలు సంగతి ముందే తెలుసేమో! మన వైద్యం మొదలయ్యాక, చిగుళ్ల రసం పీల్చే మా పేనుబంక దివ్యంగా పుంజుకుంది.

గులాబీ కేసు గుర్తుందా? ఆకుల అంచుల్లో కత్తెర పెట్టినంత నున్నగా అర్ధచంద్రాల్లాంటి కోతలు. నేను గొంగళి పురుగన్నాను, మీరు బుస్సుమన్నారు. ఆకు ఆకునా తడిపి వచ్చాం. తర్వాత ఒక పొద్దున చూద్దును కదా, ఓ తేనెటీగ ఆకు అంచున కూర్చుని గుండ్రంగా ముక్క కోసి, కడుపు కింద చుట్టుకుని ఎగిరిపోయింది. ఆకు కోసే తేనెటీగ అది. ఆ ముక్కను తినదు, గూట్లో పిల్లల గదులకు గోడలు కట్టుకుంటుంది. పూల మధ్య పుప్పొడి మోసే పని కూడా చేసిపెడుతుంది. అంతటి తల్లికి మనం చేసిన మర్యాద ఇది.

చామంతి ఆకుల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి వంకర గీతలు వచ్చాయి. ఒక చిన్న ఈగ పిల్ల ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య సొరంగం తవ్వుకుంటూ తింటోంది. మనం పై పొర కడిగి వచ్చాం. రోగి లోపల పడుకుంటే వీధి తలుపుకు సూది వేసినట్టయింది. గీతలు పడ్డ నాలుగాకులు తుంచేస్తే పోయేదానికి! ఇక బంతి మీద వాలిన ఎర్రనల్లి అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్లతో సాలెపురుగుకు చుట్టం. కీటకాల కోసం చేసిన మందు చాలాసార్లు దాన్ని వదిలేసి, దాన్ని తినే వేరే జాతి నల్లులను చంపుతుంది.

మన ఘనకార్యం మాత్రం పేనుబంక దగ్గరే. చిగుళ్లు ముడుచుకున్నాయి, ఆకులు జిగటగా ఉన్నాయి, ఆ తీపి కోసం చీమలు బారులు తీరాయి. ఆ గుంపు నడుమ నల్లగా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలాంటి ప్రాణి ఒకటి తిరుగుతోంది. వాలకం చూసి ముఠా నాయకుడు వీడే అనుకున్నాను. మీ ముక్కు దాని దాకా తెచ్చి మూడుసార్లు నొక్కాను. అది అక్షింతల పురుగు పిల్ల! పేనుబంకను నమిలి తినడానికి వచ్చింది.

పేనుబంకకు మొగుడితో పని లేదు. ఆడవి ఆడపిల్లల్నే కంటూ పోతాయి. పుట్టే బిడ్డ కడుపులో అప్పటికే మరో బిడ్డ రూపు దిద్దుకుంటూ ఉంటుంది. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో ఆ బిడ్డే బాలింత. అక్షింతల పురుగు గుడ్డులోంచి వచ్చి పెద్దదవడానికి మూడు నాలుగు వారాలు కావాలి. లెక్క మీరే వేసుకోండి. పూలు విరగబూయాలని యూరియా గుప్పించి, లేత చిగుళ్లతో వాటికి విస్తరి వేసింది మాత్రం నేనే. అది మీ ఖాతాలో రాయను.

మీ వంశం గొప్పది, కాదనను. డీడీటీ కీటకాలను చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ ఇచ్చారు. ఏ శాఖలో అనుకున్నారు? వైద్యంలో! రోగాలు మోసే పేలనూ దోమలనూ చంపింది కాబట్టి న్యాయమే. కానీ ఆ బహుమతి చేతికి అందకముందే కొన్నిచోట్ల ఇంటి ఈగలు డీడీటీని తట్టుకోవడం నేర్చేశాయి.

కాబట్టి మీ ప్రాక్టీసు రద్దు చేస్తున్నాను. కడుపు నాలుగుసార్లు కడిగాను. ఇకపై మీలో నీళ్లే పోస్తాను. ముక్కు పైకి తిప్పి ఆకు అడుగున కొట్టాలి, పేనుబంకా ఎర్రనల్లీ కాపురం పెట్టేది ఎక్కువగా అక్కడే. అప్పటికీ లొంగకపోతే పలచటి సబ్బు నీళ్లు. అవి పురుగుకు తగిలితేనే పనిచేస్తాయి, అంటే ముందు పురుగును చూడాలి. మీకు కళ్లు లేవు గనక నేనొక భూతద్దం తెచ్చుకున్నాను.

నిన్న మందారం ఆకు కింద దూది ముద్దలు కనిపించాయి. అలవాటు కొద్దీ చెయ్యి మీ పిడి మీదికి పోయింది. వెనక్కి లాక్కుని భూతద్దం పెట్టాను. పిండినల్లి. తడిగుడ్డ తీసుకుని తుడవబోతే అందులో ఒకటి, మిగతావాటికంటే పెద్దది, చకచకా నడుస్తోంది. పిండినల్లి వేషంలోనే ఉండి పిండినల్లిని తినే అక్షింతల పురుగు జాతి పిల్ల. గుడ్డ పక్కన పెట్టి ఆకును మెల్లగా వదిలేశాను. మీకు కబురు చేయలేదు, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఇన్నాళ్లూ మందు కలిపిన పాపం మోస్తున్న
మీ కాంపౌండరు