"డెవలప్‌మెంట్ ఫీజు అంతా దోపిడీ" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

పది పదిహేను రోజుల నుంచి కడపలో ఏ పేరెంట్స్ గ్రూప్ తెరిచినా అదే మెసేజ్. "హాస్టల్ స్కూళ్ళలో డెవలప్‌మెంట్ ఫీజు అంతా దోపిడీ, సుప్రీం కోర్టు 2004లోనే కొట్టేసింది, ఒక్క రూపాయి కట్టొద్దు, 500 మంది పిల్లలు ఇంటూ లక్షా 40 వేలు అంటే 7 కోట్లు మిగులు, ట్యాక్స్ లేదు జీఎస్టీ లేదు, బిల్డింగులన్నీ ఓనర్ కొడుకులకే, కావాలంటే అమెరికాలో కువైట్‌లో ఉండే పాత స్టూడెంట్స్‌ని అడుక్కోమనండి, ఆ కట్టేది కూడా బాత్రూంలు సంపులే గానీ పిల్లల చదువుకి పనికొచ్చేది ఒక్కటీ లేదు" అని. మా అక్క పంపింది, మా ఆయన ఫ్రెండ్ పంపినాడు, చివరికి మా పాప స్కూల్ గ్రూప్‌లో కూడా వచ్చింది, కింద వరసగా దండాల బొమ్మలు.

నేను కడపలో ఒక ఆడిటర్ ఆఫీసులో 16 ఏళ్ళుగా పనిచేస్తాండా, ట్రస్టుల లెక్కలు చూడ్డమే నా పని. మా పాప 8వ తరగతి, ఒక ట్రస్ట్ నడిపే హాస్టల్ స్కూల్లో. స్కూల్ పేరు ఇక్కడ వద్దు. ఈ ఏడు వాళ్ళు క్యాంపస్ ప్లాన్ ఒకటి ముందర పెట్టి ఫీజుతో పాటు డెవలప్‌మెంట్ కింద కొంత అడుగుతాండారు, అందుకే ఈ గొడవంతా. కోపం తప్పు కాదు, ఫీజుల పేరుతో మనల్ని ఎట్ల పిండుతాండారో నాకూ తెలుసు, నేనూ కడతాండా. కానీ తప్పు లెక్కతో పోయి కొట్లాడితే రెండు నిమిషాల్లో మన నోరు మూపిస్తారు, అసలు అడగాల్సింది అడక్కుండానే ఇంటికొస్తాం. నా బాధ అది.

మొదటిది, సుప్రీం కోర్టు కొట్టేసింది అనే మాట. 2004లో వచ్చింది మోడరన్ స్కూల్ కేసు, ఢిల్లీ స్కూళ్ళది. దాంట్లో కోర్టు కొట్టేయలేదు, ట్యూషన్ ఫీజులో 15 శాతం దాటకుండా డెవలప్‌మెంట్ ఫీజు తీసుకోవచ్చు అనింది. అయితే షరతులు పెట్టింది. ఆ డబ్బు ఫర్నిచర్, ఫిక్చర్లు, ఎక్విప్‌మెంట్ కొనడానికీ మార్చడానికీ, డిప్రిసియేషన్ రిజర్వ్ ఫండ్ (పాతబడే సామాను మార్చడానికి పక్కన పెట్టే నిధి) మెయింటైన్ చేసే స్కూలే తీసుకోవాలి, లెక్క విడిగా ఉండాలి. అంతకు ముందు 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది జడ్జీలు కూర్చుని చెప్పింది కూడా ఇదే దారి, స్కూల్ పెరగడానికి న్యాయమైన మిగులు ఉండొచ్చు, లాభాల వ్యాపారం ఉండకూడదు, క్యాపిటేషన్, అంటే సీటు ఇయ్యడానికి తీసుకునే డబ్బు, ఉండకూడదు. మన రాష్ట్రంలో అయితే 1994 నాటి జీఓ 1 ఉంది, ఫీజులో సగం జీతాలకి, 15 శాతం నిర్వహణకి, 15 శాతం స్టాఫ్ పీఎఫ్ గ్రాట్యుటీ లాంటివాటికి, 15 శాతం స్కూల్ అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి అని.

ఫార్వర్డ్ రాసినాయనకి ఇక్కడ ఒక మంచి పాయింట్ దొరికేది, ఆయన వదిలేసినాడు. అదే 2004 తీర్పులో బిల్డింగుల లాంటి క్యాపిటల్ ఖర్చుని ఫీజులో కలిపి పిల్లల మీద వేయకూడదు, మిగిలిన దాంట్లోంచే పెట్టుకోవాలి అని కూడా ఉంది. అంటే బెంచీలకి, ల్యాబ్ సామానుకి అడగడం ఒకటి, కొత్త బ్లాక్ కడతామని తలా ఇంత వేయడం ఇంకొకటి. "అభివృద్ధి" అని ఒక్క మాట చెప్తే ఆగొద్దు, దేనికి అని అడగండి. అట్లనే సీటు కోసం డొనేషన్ అంటే అది మన రాష్ట్రం 1983లో చేసిన క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం కిందనే నిషేధం, దానికి రసీదు ఇచ్చినా ఇవ్వకపోయినా నిషేధమే.

రెండోది 7 కోట్ల లెక్క. గుణకారం కరెక్టే, మిగులు అనడమే తప్పు. హాస్టల్ పిల్లకి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, సాయంత్రం ఏదో ఒకటి, రాత్రి భోజనం, రోజుకి 120 రూపాయలు వేసుకోండి, 250 రోజులు అంటే 30 వేలు, 500 మందికి కోటిన్నర. మిగిలిన ఐదున్నర కోట్లలో జీఓ లెక్క ప్రకారం పోతే సగం, అంటే 2 కోట్ల 75 లక్షలు జీతాలకి, డెవలప్‌మెంట్‌కి 15 శాతం అంటే 82 లక్షల 50 వేలు. ఇప్పుడు కడితే చదరపు అడుగుకి 2,000 వేసుకుని దాని మీద కాంట్రాక్ట్ జీఎస్టీ 18 శాతం కలిపితే 2,360, అంటే ఆ ఏడాది డబ్బంతా పోసినా వచ్చేది దగ్గర దగ్గర 3,500 చదరపు అడుగులు. ఒక హాలూ నాలుగు రూములూ. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీ స్కూల్ ఫీజు, సంఖ్య పెట్టి మీరే వేసి చూడండి. అయితే జీతాలకి నిజంగా సగం పోతాందా లేదా అనేది వేరే ప్రశ్న, చాలా చోట్ల టీచర్లకి ఇచ్చేది చూస్తే నాకైతే నమ్మకం కుదరదు, అది అడగాల్సిందే.

ట్యాక్స్ లేదు, జీఎస్టీ లేదు అనేది మూడోది. సగం నిజం. ఫీజు మీద జీఎస్టీ లేదు, హాస్టల్ కలిపి తీసుకున్నా లేదు. కానీ అదే కారణంతో స్కూల్ కొనే వాటి మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. సిమెంట్ మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది, ఎర్రగుంట్ల పక్కనే సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయని మనకేం తగ్గించి ఇయ్యరు. ఇన్‌కంట్యాక్స్ కూడా ఊరికే మాఫీ కాదు. ట్రస్ట్ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే దాని పనికి ఖర్చు పెట్టాలి, లేదంటే ఫలానా పనికి దాస్తాండాం అని ఫారం ఇచ్చి 5 ఏళ్ళలోపు పెట్టాలి. పెద్ద బ్లాక్ కట్టేవాళ్ళు అందుకే నాలుగైదు ఏళ్ళు కూడబెడతారు. మన పేరెంట్స్ కమిటీ ఈ ఫారం కాపీ అడిగితే చాలు, ఏ పనికి ఎంత దాచినారో రాసే ఉంటుంది. నా 16 ఏళ్ళలో ఒక్క పేరెంట్ కూడా ఇది అడిగినట్లు నేను వినలేదు.

బిల్డింగులన్నీ ఓనర్ కొడుకులకే అనే మాట దగ్గర నేను కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే ఇది అన్ని చోట్లా అబద్ధం కాదు. ట్రస్ట్ ఆస్తి చైర్మన్ ఆస్తి కాదు, అమ్ముకుని పంచుకోడానికి లేదు, ట్రస్ట్ మూసేసినా అట్లాంటి పనే చేసే ఇంకో ట్రస్ట్‌కి పోవాలని మామూలుగా ట్రస్ట్ పెట్టేటప్పుడు రాసే పత్రంలో (డీడ్) రాసుంటుంది, ఇంట్లోవాళ్ళకి లాభం చేస్తే ట్యాక్స్ మినహాయింపే పోతుంది. మరి మోసం యాడ జరుగుతుంది అంటే భూమి దగ్గర. భూమి చైర్మన్ భార్య పేరునో తమ్ముడి పేరునో ఉంటుంది, ట్రస్ట్ వాళ్ళకి నెలనెలా బాడుగ కడుతుంది, దాని మీద మన డబ్బుతో బిల్డింగ్ లేస్తుంది, లీజు అయిపోయిన రోజున బిల్డింగ్ ఎవరిదో మీరే ఆలోచించండి. కాబట్టి "అంతా వాళ్ళ కొడుకులకే" అని అరవడం కాదు, సర్వే నంబర్ కనుక్కుని మీసేవలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం) తీయండి, కొన్నది ఎవరి పేరునో రిజిస్టర్ లీజు ఉందో లేదో కనపడుతుంది. మా పాప స్కూల్‌ది నేను తీసినా. ఎక్కువ భాగం ట్రస్ట్ పేరునే ఉంది, గ్రౌండ్ పక్క ఒక ముక్క మాత్రం వేరే పేరున ఉంది, కొత్త డైనింగ్ హాల్ ప్లాన్‌లో గీసింది సరిగ్గా ఆ ముక్క మీదనే. ఇది ఫార్వర్డ్‌లో ఉంటే నేనే అందరికీ పంపేదాన్ని.

పాత స్టూడెంట్స్‌ని అడగమనడం మంచి మాటే, అడగాల. కానీ కువైట్, అమెరికా రెండూ ఒకటి కాదు. మనిషి యాడ ఉన్నాడని కాదు, ఏ పాస్‌పోర్ట్ ఉందని చూస్తారు. కువైట్‌లో డ్రైవర్‌గా ఉండే మన రాయచోటి అబ్బాయి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నాడు కాబట్టి తన జీతంలోంచి బ్యాంక్ ద్వారా పంపితే మామూలు డొనేషనే. అమెరికా సిటిజెన్ అయిపోయిన వాళ్ళు పంపితే అది విదేశీ నిధి, స్కూల్ ట్రస్ట్‌కి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ నిధుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లో తెరిచిన ఖాతాకే రావాలి. చిన్న ట్రస్టులకి అది అంత సులభం కాదు. ఇక్కడే ఉండి ఇచ్చేవాళ్ళకి ఒక మాట, 2,000 దాటి క్యాష్‌గా ఇస్తే డొనేషన్ మీద ఇన్‌కంట్యాక్స్ తగ్గింపు రాదు.

ఇక ఆఖరుది, నాకు నిద్ర పట్టనీయనిది. "బాత్రూంలు సంపులు తప్ప ఏమీ లేదు" అని రాసినాడే, ఆ అన్న ఒక్క రాత్రి హాస్టల్లో పడుకోవాల. పోయిన జనవరిలో మా పాపకి జ్వరం వస్తే నేను వార్డెన్ రూంలో పడుకున్నా. నాలుగున్నరకి బకెట్ల చప్పుడుకి లేచినా. గోళ్ళ రంగుతో పేర్లు రాసిన బకెట్లు రాత్రే వరసలో పెట్టి పడుకుంటారంట. ఆ అంతస్తుకి ఉండే కొళాయిలు నాలుగు, ఒకదానికి గుడ్డ చుట్టి కట్టినారు. కింద కడప బండలు అరిగి అరిగి నడిమధ్య గుంత పడి నీళ్ళు నిలబడి పాచి పట్టి, ఆరో తరగతి పిల్ల ఒకటి గోడ పట్టుకుని కాలు జారకుండా వేళ్ళ మీద నడుస్తాంది, పెద్ద పిల్లలు "నువ్ ముందు పో పాపా" అని దాన్ని ముందరికి పంపినారు. కొళాయిలో నీళ్ళు ఐదుంబావుకి ఆగిపోయినాయి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం డే స్కూల్ పిల్లకి రోజుకి 45 లీటర్లు, హాస్టల్లో ఉండే పిల్లకి 135. 500 మందికి 67,500 లీటర్లు, బోరు ఎండిపోతే 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకి పదమూడు పద్నాలుగు. కాబట్టి సంపు, నీళ్ళ లైన్లు, కొళాయిలు ముందు. తర్వాత కరెంట్ వైరింగ్, బయటికి పోయే రెండో మెట్ల దారి. 2004లో కుంభకోణం స్కూల్లో మంటలకి 94 మంది పిల్లలు పోయినారు, 2009లో సుప్రీం కోర్టు అన్ని స్కూళ్ళకీ ఫైర్ సేఫ్టీ తప్పనిసరి అనింది దాని తర్వాతనే. తర్వాత వాన నీళ్ళు పోయే కాలువలు, 2020 నవంబర్‌లో బుగ్గవంక పొంగి మన కడపలోనే ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చింది మర్చిపోయే విషయమా. స్మార్ట్ బోర్డులు ఇవన్నీ అయినాక.

మా స్కూల్ ప్లాన్‌లో నాకు నచ్చనిది బాత్రూంలు కాదు. ముందర గేటుకి ఆర్చి, గ్రానైట్ లాబీ మొదటి ఏడాదిలో పెట్టి, బాలికల హాస్టల్ కొళాయిల పని మూడో ఏడాదిలో పెట్టినారు. ఈ ఆదివారం మీటింగ్‌కి ఈసీ కాపీ, నేను వేసిన లెక్క కాగితం తీసుకుని పోతాండా, ఆ రెండు లైన్లు తారుమారు చేయమని, డైనింగ్ హాల్ భూమి ముందు ట్రస్ట్ పేరుకి మార్చమని అడుగుతా. ఫార్వర్డ్ రాసిన అన్నా, మీరెవరో తెలీదు, మీ పిల్లలు కూడా ఇక్కడే అయితే పదిన్నరకి డైనింగ్ హాల్లో ఉండండి, నా పక్కన కుర్చీ పెట్టిస్తా.