అడిగితే చెప్పుమన్నవ్ గదరా

నిన్న పొద్దున హన్మకొండ చౌరస్తాల జరిగిన ముచ్చట ఇది, కడుపుమంట ఇంకా చల్లారలేదు, అక్షరదోషాలుంటే ఏమనుకోకుర్రి, ఎందుకంటే బాపు ఫోన్ల టైప్ చేస్తున్న. ఈ కీబోర్డుకి నేను ఏం కొట్టినా ఇంకోటే కావాలె.

నా ఫోన్ గూగులోని పిక్సెల్ 5ఏ. 2021ల అమెరికాల, జపాన్‌ల అమ్మిర్రు, మన దిక్కు రానేలేదు, మా బావ డల్లాస్ నుంచి వచ్చేటప్పుడు బట్టల నడుమ పెట్టి తెచ్చిచ్చిండు. దాంట్ల ఉన్నదంతా ఊడ్చేసి నేను గ్రాఫీన్ ఓఎస్ ఎక్కించుకున్న, అంటే ఆండ్రాయిడ్‌నే ఇంకింత గట్టిగ చేసిన వేరే సాఫ్ట్‌వేర్. ప్రైవసీ పిచ్చి అంటరు గదా, గదే. యాప్ యాప్‌కి విడిగా నెట్ బంద్ పెట్టొచ్చు, కాంటాక్టులు అడిగే యాప్‌కి ఖాళీ లిస్టు చేతుల పెట్టి పంపొచ్చు, పిన్ కొట్టేకాడ అంకెలు ప్రతిసారి జాగాలు మారుతయి, పక్కపొంటి ఎవడన్న వేలు ఎటు పోతుందో చూసి పట్టుకుందామనుకున్నా పట్టుకోలేడు. ఒక్కోసారి నేను కూడా పట్టుకోలేను, అది వేరే సంగతి. ఈ గ్రాఫీన్ గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదనే ఎక్కుతది, మా అమ్మ ఒకపారి "గూగులోని కండ్లు తప్పించుకోనికి గూగులోని ఫోనే కొనాల్నా?" అన్నది, నేను ఇరవై నిమిషాలు సమాధానం చెప్పిన, ఆమె అంతసేపు చిక్కుడుకాయ తుంచుకుంట కూర్చున్నది.

ఇగ ఈ ఫోన్‌కి గూగులోడు ఇస్తమన్న సెక్యూరిటీ అప్‌డేట్లు 2024 ఆగస్టు దాకనే. అప్పటిసంది ఏం చేద్దామా అని ఆలోచిస్తనే ఉన్న, పెండ్లిసంబంధానికి కూడా ఇంత ఆలోచించలేదు. లీనేజ్ ఓఎస్ అని ఇంకో ఆండ్రాయిడ్ ఎక్కించుకోవచ్చు, పాత ఫోన్లకు అదొక దిక్కు, కానీ బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ కాంగనే మొదలు లేచే ప్రోగ్రాం, దాని తాళం తీసిపెట్టి తిరగాలె. పైగా ఎవరు ఎంత కష్టపడి ఆండ్రాయిడ్‌ని కొత్తగ చేసిచ్చినా, లోపల చిప్పు, మోడెమ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్ అంటరు, ఉంటయి చూడుర్రి, వాటి ఓటలు పూడ్చేది తయారుచేసినోళ్లే. మన ఖిలా వరంగల్ లెక్కనే, బయటి మట్టికోట కూలితే ఊరోళ్లందరు కూడి తట్టలు మోసి కట్టుకోవచ్చు, లోపల రాతికోట రాయి కదిలితే ఎవరు పెడ్తరు? కొత్తది కొందామంటే పిక్సెల్ 8 నుంచి ఏడేండ్ల అప్‌డేట్లంటున్నరు, మంచిదే, 8ఏ వచ్చినప్పుడే 52,999. నా బైకు ఇప్పుడు అమ్మితే అన్ని రావు.

మా బాపు ఫోన్ 2017ది. దానికి అప్‌డేట్ వచ్చి ఎన్నేండ్లయిందో దానికే యాదిలేదు. నా బ్యాంకు యాప్ దాంట్ల టకటక నడుస్తది. నా ఫోన్ల వేస్తే మాత్రం "మీ పరికరం సురక్షితం కాదు" అని ఒక ఎర్రబొమ్మ చూపించి మూసుకుంటది. ఈ ముక్క ఇప్పటికి ఎంతమందికి చెప్పిననో, అయినా నా మంట తగ్గలేదు, కస్టమర్ కేర్ ఆమె "ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నది, దాంతోటి అయిపోతదా అసలు.

సరే, అసలు ముచ్చట. గ్రాఫీన్ల 2024ల ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. అసలు పిన్ కాక ఇంకో పిన్ పెట్టుకోవచ్చు, ఎవడన్న బలవంతంగ ఫోన్ తెరిపిస్తే ఆ రెండోది కొట్టాలె, కొట్టిన మరుక్షణం ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకపోతది, లోపలి ఇ-సిమ్, అంటే కార్డు లేని సిమ్, దాంతో సహా, ఆపుదామన్నా ఆగది, వెనక్కి తెచ్చుడన్న ముచ్చటే లేదు. నా ఫోన్ల ఏముందని ఎవడు బలవంతం చేస్తడు, నేనేమన్న గూఢచారినా, మడికొండల ప్రైవేటు కాలేజీల ల్యాబ్ అసిస్టెంటుని. అయినా పెట్టిన. పెట్టి ఊకున్ననా, రాత్రి అన్నం తినేకాడ ఇంట్ల అందరికి క్లాసు పీకిన. "ఎవడన్న గల్లా పట్టి నా ఫోన్ పిన్ అడిగితే భయపడకుర్రి, ఈ నంబర్ చెప్పుర్రి" అన్న. బాపుకు యాదుండాలని ఆయన పాత చేతక్ స్కూటర్ నంబరే పెట్టిన, ఏపీ 36 తర్వాత అక్షరాలు పోంగ చివర నాలుగంకెలు, ఏడు ఏడు సున్న తొమ్మిది.

నిన్న ఎక్స్ఛేంజీల ఎంతొస్తదో అడిగిపోదామని షాపుకి పోయినం. అడుగుడు వరకే, ఇచ్చుడు కాదు, బ్యాకప్ కూడా తీయలేదు. బాపు బేరమాడనికి వచ్చిండు, బేరమంటే ఆయనకు పండుగ. షాపు ముందట బైకు పెట్టనియ్యలేదు, ఫోన్ బాపు చేతుల పెట్టి, సందుల బండి పెట్టి, వచ్చేటప్పుడు రెండు చాయ్‌లు పట్టుకొచ్చిన.

ఇగ వచ్చేసరికి అద్దం తలుపు. నా రెండు చేతులల్ల రెండు చాయ్‌లు, అంచు దాకా నిండి ఉన్నయి, ముంజేతికి హెల్మెట్ ఊగుతున్నది. లోపల కౌంటర్ అవతల ఇరవై ఏండ్ల పోరగాడు నా ఫోన్ పట్టుకొని ఏందో అడుగుతుండు, బాపు స్టూలు మీద కూర్చొని ఒక వేలు పైకెత్తిండు. ఆ వేలు నాకు తెలుసు. రేషన్ షాపుల, బ్యాంకుల, దవాఖానల, ఎక్కడ నంబర్ చెప్పాల్సొచ్చినా ఆ వేలు లేస్తది. బయటికి వినపడతలేదు గాని పెదవులు కనపడుతున్నయి. "ఏడు." పోరగాడు వెతుకుతుండు, అంకెలు తారుమారు గదా, ఏడు ఏ మూలకుందో ఏమో, నా గొప్ప సెక్యూరిటీ వాన్ని ఒక్క మూడు సెకన్లు ఆపింది. దొరికింది. "ఏడు." నాకప్పుడు వెలిగింది. తలుపు గుంజిన. రాలేదు. దాని మీద అంత పెద్ద అక్షరాలతోటి నెట్టుర్రి అని ఉన్నది, కానీ ఆ అక్షరాల మీద దసరా ఆఫర్ స్టిక్కర్ అతికించిర్రు, దసరా పోయి ఎన్నాళ్లయింది, తీసెయ్యరా ఎవ్వరన్న? మోచేతితోటి గుంజుతున్న, ఒక చాయ్ షర్టు మీదకొచ్చింది, ఉడుకుడుకు చాయ్, "బాపూ! బాపూ!" అని ఒర్రుతున్న, బాపు నన్ను చూసి నవ్వి చెయ్యి ఊపిండు. "సున్న." అప్పుడు పోరగాడు తల ఎత్తి మళ్లోపారి చెప్పుమన్నట్టున్నడు, నాకు ప్రాణం లేచొచ్చింది, బాపు మాత్రం ఓపికగ గాలిల సున్న చుట్టి చూపించి, తొమ్మిది కూడా చుట్టి చూపించిండు, చేతక్ డిక్కీ మీద పెయింట్‌తోటి రాసినట్టు, తోక కూడా పెట్టి.

తెర నల్లగైంది.

నేను లోపలికెట్ల వచ్చిన్నో యాదిలేదు. పోరగాడు బటన్ నొక్కుకుంట "అన్నా, చార్జింగ్ లేదా?" అన్నడు. "ఏం చేసినవ్ బాపూ?" అన్న. "వాడు పిన్ అడిగిండు, చెప్పిన. అడిగితే చెప్పుమన్నవ్ గదరా."

"గల్లా పట్టి అడిగితే అన్న!"

"గౌరవంగ అడిగినోనికి చెప్పొద్దా మరి? కాకా అని పిలిచిండు పాపం."

దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరుంటే చెప్పుర్రి. పోరగాడు ఫోన్ మళ్ల ఆన్ చేస్తే గ్రాఫీన్ ఎక్కించినప్పటిసంది ప్రతిసారి వచ్చే ఆ పసుపుపచ్చ హెచ్చరిక వచ్చింది, అది చూసి వాడు "వైరస్ పట్టిందన్నా" అని, ముందు 3,500 అన్నోడు 1,200కు దిగిండు. మేడారం ఫోటోలు పోయినయి. మా చెల్లె బతుకమ్మ వీడియోలు పోయినయి, దానికింకా చెప్పలేదు, దయచేసి మీరు చెప్పకుర్రి.

నా నంబర్ ఇ-సిమ్‌లనే ఉండె, అది కూడా తుడుచుకపోయింది. సిమ్ కంపెనీ షాపుకు పోతే కుర్చీల ఉన్నాయన "మీ నంబర్‌కి ఓటీపీ పంపిన సార్, చెప్పుర్రి" అన్నడు. ఆ నంబర్ పోయిందనే వచ్చిన అన్న. "అవును సార్, దానికే పంపిన" అన్నడు. ఇట్లనే ఇరవై నిమిషాలు. చివరకు ఆధార్, మొఖం ఫోటో అన్నీ అయి కొత్త సిమ్ ఇచ్చిండు, బాపు ఫోన్ల రెండో స్లాట్‌ల వేసినం, కానీ సిమ్ మార్చినంక 24 గంటలు మెసేజులు రావు, అది రూలు. అంటే ఓటీపీ లేదు, అంటే యూపీఐ లేదు. సిమ్ పైసలు బాపు ఇచ్చిండు, పెట్రోలుకు బాపే ఇచ్చిండు, దారిల మళ్ల చాయ్ తాగుదామా అని కూడా ఆయనే అడిగిండు, నేను ఒద్దన్న.

24 గంటలకు ఇంకా రెండు గంటల పది నిమిషాలున్నయి. బాపు పక్కన నిలబడి ఫోన్ ఇయ్యమంటుండు, యాసంగి వడ్ల రేటు చూసుకోవాల్నట, ఇచ్చేలోపల ఇంకో మాట కూడా అడుగుతుండు, కొత్త ఫోన్ల కూడా చేతక్ నంబరే పెడ్తవా, లేకపోతే ట్రాక్టర్‌దా అని.