కోట్లు లేని సినిమా: ప్రేక్షకాభిప్రాయం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రేక్షకాభిప్రాయం గారికి నమస్కరించి రాయునది.

మీరు క్షేమంగానే ఉంటారని తెలుసు కాబట్టి కుశలప్రశ్నలు వదిలేస్తున్నాను. సినిమా విడుదలైన రోజున దెబ్బలు తగిలేది సినిమాకే గాని మీకు కాదు.

'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్' గురించి మీతో ఒక పాత లెక్క తేల్చుకోవాల్సి ఉంది. 1994లో వచ్చిన బ్రిటిష్ ప్రేమ హాస్య చిత్రం. రిచర్డ్ కర్టిస్ రాశాడు, మైక్ న్యూవెల్ తీశాడు. పేరులో చెప్పినట్టే నాలుగు పెళ్లిళ్లు, ఒక చావు. పెళ్లంటే జడిసే చార్లెస్ అనే కుర్రవాడు ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లన్నిటికీ ఆలస్యంగా హాజరవుతూ, అక్కడ తగిలిన క్యారీ అనే అమెరికా అమ్మాయి చుట్టూ తిరగడమే కథ. చార్లెస్‌గా వేసిన హ్యూ గ్రాంట్ ఈ ఒక్క సినిమాతో ప్రపంచానికంతా తెలిశాడు. ఇంత చిన్న కథ మీద మీరు ముప్పై ఏళ్లకు పైగా తీర్పులిస్తూనే ఉన్నారు. అదీ ఒక తీర్పు కాదు. పదేళ్లకోసారి పాతది కొట్టేసి కొత్తది.

ముందు ఖర్చు సంగతి. మొత్తం 30 లక్షల పౌండ్ల లోపే. 1993 వేసవిలో 36 రోజుల్లో చిత్రీకరణ ముగించారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఒక్క పెళ్లికే ఇంటి యజమాని నడుము వంగిపోతుంది. వీళ్లు నాలుగు పెళ్లిళ్లు చేశారు, పైన అంత్యక్రియల ఖర్చు కూడా పెట్టుకున్నారు.

పెళ్లి అన్నాక జనం కావాలి. అది పెద్దింటి ఇంగ్లిష్ పెళ్లి కాబట్టి మగవాళ్లందరికీ వెనక తోకలున్న పొడుగు కోట్లు కావాలి. మార్నింగ్ సూట్లంటారు వాటిని. అన్నిటినీ అద్దెకు తెస్తే పెళ్లికొడుకు బూట్లకు డబ్బు మిగలదు. అందుకని చిత్ర బృందం ఒక ఉపాయం కనిపెట్టింది. సొంత సూటు ఉన్నవాళ్లనే జనంగా పిలిచింది. ఇంగ్లండులో మార్నింగ్ సూటు ఎవరి బీరువాలో వేలాడుతుంటుంది? లార్డుల ఇళ్లలో, తాతల నాటి బంగళాలున్న కుటుంబాల్లో. వాళ్లను పోగుచేసే పని ఆంబర్ రడ్ అనే యువతికి అప్పగించారు. టైటిళ్లలో ఆమె హోదా 'అరిస్టోక్రసీ కోఆర్డినేటర్'. అంటే, జమీందార్ల మేస్త్రీ. అదే ఆంబర్ రడ్ 2016లో బ్రిటన్ హోం మంత్రి అయ్యారు. మొత్తానికి చేతిలో కోట్లు లేక, కోట్లున్న వాళ్లను కోట్లతో సహా రప్పించుకున్నారు.

ఆ తర్వాత మీరు దయచేశారు. 'తెర నిండా డబ్బున్నవాళ్లే, సామాన్యుడు ఎక్కడ?' అని నిలదీశారు. అయ్యా, సామాన్యుడి సూటుకు అద్దె ఎవరు కడతారు? తెర మీద మీరు చూసి ఈసడించుకున్న సిరి అంతా నిర్మాతల లేమి. డబ్బు దండిగా ఉంటే కూలీలను పిలిచి లార్డుల వేషం వేయించేవాళ్లు. లేదు కాబట్టి లార్డులనే కూలికి పిలిచారు. సినిమా మొత్తంలో ఇంతకు మించిన సామ్యవాదం నాకు కనిపించలేదు. మీరేమో దాన్నే వర్గ అహంకారమన్నారు.

స్కాట్లాండులో జరిగే పెళ్లి కూడా స్కాట్లాండు దాకా వెళ్లి తీసింది కాదు. దక్షిణ ఇంగ్లండులోనే ఒక బంగళా చూసుకుని, మగవాళ్లకు కిల్టులు, అంటే అక్కడి మగవాళ్లు కట్టే గళ్ల లంగాలు కట్టించి, ఇదే స్కాట్లాండు అన్నారు. చార్జీలు మిగిలాయి.

ఇక, సినిమాలో అందరూ తెల్లవాళ్లే అన్న మీ మాటకు వస్తాను. ఆ మాట నిజం, అందులో మీతో వాదన లేదు. 1993 నాటి లండన్ అలా లేదు. సూట్ల అద్దె సాకు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే నటుడి ఒంటి రంగుకు అదనపు చార్జీ ఉండదు. తన సినిమాల్లో ఆ లోపం ఉందని కర్టిస్ కూడా తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నాడు. అయితే 2019లో ఏం జరిగిందో గుర్తుందా? అమెరికా నటి, రచయిత్రి మిండీ కేలింగ్ వాళ్లు అదే పేరుతో ఒక సిరీస్ తీశారు. నల్లజాతి కథానాయికను, పాకిస్తానీ కుటుంబంలో పుట్టిన బ్రిటిష్ కథానాయకుణ్ని పెట్టారు. మీరు అడిగిందే ఇచ్చారు. పాతదానిలోని ముచ్చట ఇందులో లేదని మీలో చాలామంది పెదవి విరిచారు. నిజానికి ఆ సిరీస్ అంత బాగా లేదు, ఆ మాట వేరు. కాని అప్పటిదాకా తిట్టిన పాతదాన్ని మళ్లీ అటక మీది నుంచి దించి, దుమ్ము దులిపి, దండ వేసిన మీ వేగం చూసి ముక్కున వేలేసుకున్నాను.

చార్లెస్ ఏం ఉద్యోగం చేస్తాడని ఇంకా అడుగుతూనే ఉన్నారు. సినిమా చెప్పదు. కర్టిస్ తన పాత్రలను ఆఫీసులో కూర్చోబెట్టలేదు, దాదాపు అంతా శనివారాలే, అందరూ పెళ్లి బట్టల్లోనే. పెళ్లి పందిట్లో కూర్చోగానే 'ఇంతకీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?' అని అడగకుండా ఉండలేని మీ స్వభావం చూస్తే, మీరు ఎక్కడో మా గోదావరి జిల్లాల వైపు చుట్టరికం ఉన్నవారేమోనని నా అనుమానం. విస్తట్లో అన్నీ వడ్డించాక, కడుపు నిండా తిన్నాక, చేయి కడుక్కుంటూ పప్పులో ఉప్పు తగ్గిందనే చుట్టానికీ మీకూ పోలికలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వాన దగ్గర కొంచెంసేపు ఆగుదాం. మీరు ఎక్కువగా ఏడిపించింది అక్కడే కదా.

చివరి దృశ్యం. చార్లెస్ పీటల మీది పెళ్లి చెడగొట్టుకుని ఇంటికి చేరాడు. పెళ్లికూతురు చేత ముఖం మీద గుద్దు తిన్నాడు కూడా. (ఆ గుద్దుకు మీరు వేసిన ఈలలు న్యాయమైనవి, నావీ ఉన్నాయి.) బయట కుండపోత. క్యారీ గుమ్మం ముందు నిలబడి ఉంది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ తడుస్తూనే మనసులు విప్పుకున్నారు. అంతా అయ్యాక, వాన ఇంకా పడుతోందా, గమనించనే లేదు అన్నట్టు ఆమె ఒక మాటంది. అంతే. ఆ ఒక్క వాక్యం కోసం మీరు క్యారీగా వేసిన ఆండీ మెక్‌డొవెల్‌ను ముప్పై ఏళ్లుగా వానలోనే నిలబెట్టారు. సినిమా చరిత్రలోని చెత్త సంభాషణల జాబితా ఎవరు తయారుచేసినా ఆ వాక్యానికి ముందు వరుసలో కుర్చీ వేస్తారు.

వాక్యం బాగుందని నేను అనను. ఆమె పలికిన తీరు కూడా ఏమంత బాగుండదు. కాని కెమెరాకు చినుకులు కనిపించవు. తెర మీద వాన అనిపించాలంటే బిందెలతో గుమ్మరించినట్టు పోయాలి. వానేమో వరదలా ఉంది, మాటేమో తుంపరకు రాసింది. వచ్చిన చిక్కు అదీ. పైగా మా వైపు తెర మీద తెల్ల చీరలో హీరోయిన్ ఒక పల్లవి, రెండు చరణాల పొడుగునా తడుస్తుంది. ఆమె వాన సంగతి గమనించిందా లేదా అని మాలో ఎవరూ ఇంతవరకు వాకబు చేయలేదు. ప్రేమలో ఉన్న అమ్మాయి వాన మరిచిపోతే తప్పు పట్టారు గాని, పెళ్లి రోజున నిద్ర లేవడమే మరిచిపోయే తోడిపెళ్లికొడుకు చార్లెస్‌ను సినిమా మొదట్లోనే ముద్దు చేశారు.

పాట విషయంలో మీరు ఇంకా చిత్రం. వెట్ వెట్ వెట్ బృందం ఈ సినిమా కోసం పాడిన పాట బ్రిటన్‌లో వరుసగా 15 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఎవరు కొన్నారు? మీరే. 15 వారాలు కొని, రేడియోలో అది వినబడగానే చెవులు మూసుకున్నదీ మీరే. చివరికి ఆ బృందమే విసిగి రికార్డును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. సరుకు అమ్ముడుపోక వెనక్కి పోవడం లోకంలో ఉంది, అమ్ముడుపోతూనే వెనక్కి పోయింది ఇదొక్కటే నాకు తెలుసు.

చావు దగ్గర మాత్రం మీరు నోరు మూసుకున్నారు. అందుకు మీకు దణ్ణం. చార్లెస్ స్నేహితుల్లో గారెత్ అనే లావుపాటి, గోలచేసే, రంగురంగుల వెయిస్ట్‌కోట్ల మనిషి మూడో పెళ్లి విందులో గుండె ఆగి పడిపోతాడు. ఎసెక్స్‌లో వెస్ట్ థరోక్ అనే చోట, సబ్బుల కర్మాగారం పక్కన ఉన్న పాత చర్చిలో ఆ అంత్యక్రియలు తీశారు. చర్చి వెనక పచ్చిక మైదానాలు కాదు, ఫ్యాక్టరీ. సామాన్యుడు ఎక్కడ అని అడిగారే, అక్కడికి వెళ్లి చూడాల్సింది. గారెత్ జీవిత సహచరుడు మాథ్యూ లేచి నిలబడి డబ్ల్యూ.హెచ్. ఆడెన్ కవిత చదువుతాడు. స్కాట్లాండు యాసలో, చేతులు ఊపకుండా, గొంతు పెంచకుండా. దాని తర్వాత ఆడెన్ కవితల చిన్న పుస్తకం ఒకటి వేస్తే రెండు లక్షలకు పైగా ప్రతులు పోయాయి. కవిత్వం ఎవరు కొంటారు అనే ప్రచురణకర్తలకు ఆ ఏడాది మాట పెగల్లేదు. మన మధ్య పెళ్లయినవాళ్లు ఆ ఇద్దరే, మనమే గమనించలేదు అన్నట్టు చార్లెస్ ఆ తర్వాత తేల్చేస్తాడు. ఇద్దరు మగవాళ్ల మధ్య పెళ్లి అనే ఆ మాట ఇంగ్లండు చట్టం ఒప్పుకోవడానికి 2014 దాకా పట్టింది. చట్టం కన్నా మీరే ముందు ఏడ్చారు.

ఇంతకీ నా అసలు ఫిర్యాదు. ఆ సినిమా చిన్నదిగా ఉన్నన్నాళ్లూ మీకు ముద్దొచ్చింది. 'పాపం, ఇంత తక్కువలో ఎంత బాగా తీశారో' అని భుజం తట్టారు. అది ప్రపంచమంతా తిరిగి 24 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. ఉత్తమ చిత్రంగా ఆస్కార్‌కు నామినేషన్ పొందింది, బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా గెలిచింది. ఆ రోజు నుంచి మీ గొంతు మారింది. 'అంత ఏముంది అందులో?' అని మొదలుపెట్టారు. ఉన్నది అంతకుముందు ఉన్నదే. ఒక్క ఫ్రేము కూడా మారలేదు. అరువు సూట్లు అరువు సూట్లే, సర్దుబాటు స్కాట్లాండు సర్దుబాటు స్కాట్లాండే. పేదవాడి పెళ్లిలో పులుసు అమృతమని, అదే వాడికి లాటరీ తగిలిందని తెలియగానే ఆ పులుసులో చింతపండు ఎక్కువైందని అనడం ఏ ఊరి మర్యాదో చెప్పగలరు.

జవాబు రాయకపోయినా పరవాలేదు. రాస్తే మాత్రం నక్షత్రాలు వేయకుండా రాయండి.

ఇట్లు,
మీ వెనక వరుసలో కూర్చుని, మీ మాటల వల్ల సగం డైలాగులు వినలేకపోయిన
తోటి ప్రేక్షకుడు

తా.క.: చార్లెస్ స్నేహితురాలు ఫియోనా విషయంలో మాత్రం మీతో పేచీ లేదు. నల్ల దుస్తుల్లో, సిగరెట్టు చేత్తో, ఇన్నేళ్లూ నిన్నే ప్రేమించాను అని ముఖం చిట్లించకుండా చెప్పిన ఆ అమ్మాయిని వదిలి చార్లెస్ క్యారీ వెంట పోవడం ఏమిటని మీరు ముప్పై ఏళ్లుగా అడుగుతున్నారు, నేనూ అడుగుతున్నాను. మనల్ని శాంతింపజేయడానికే కాబోలు, చివర్లో వచ్చే పెళ్లి ఫొటోల్లో ఆమె పక్కన యువరాజు చార్లెస్‌ను అతికించారు. ఆయన ఇప్పుడు రాజు. ఆ బడ్జెట్‌లో అంతకన్నా మంచి సంబంధం దొరకదు.