షాపు కుక్కపిల్లకు ఏ రోగమూ రాదన్న సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోను, కాలేజీ మిత్రుల గ్రూపులోను, చివరికి బంధువుల గ్రూపులోను ఒకే సందేశం తిరుగుతున్నది. “కుక్కపిల్లను పెంచుకోవాలనుకుంటున్నారా? పెట్ షాపులో కొనడమే అన్నిటికన్నా భద్రం” అని మొదలయ్యే ఆ సందేశంలో ఏడు కారణాలున్నాయి, రాసినవారి పేరు మాత్రం లేదు. పంపినవారిలో ఎక్కువమంది దాన్ని చివరిదాకా చదివి ఉండరని నా నమ్మకం. చదివి ఉంటే, అందులోని రెండో అంశాన్ని చంటిపిల్లలున్న మరో ఇంటికి ఎవరూ పంపరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి అలసిపోయాను కనుక అన్నిటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

“షాపుకు లైసెన్సు ఉంటుంది, కాబట్టి ప్రభుత్వం చూసుకుంటుంది” అన్నది మొదటి కారణం. గోడకు వేలాడే కాగితం తరచుగా మునిసిపాలిటీ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సే అయి ఉంటుంది. చెప్పుల దుకాణానికి ఇచ్చేది కూడా అదే. జంతువులను అమ్మాలంటే, 2018లో కేంద్రం తెచ్చిన పెట్ షాప్ నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కుక్కలను ఈనించి అమ్మేవారికి అంతకు ముందు ఏడాదే, 2017లో, వేరే నిబంధనలు వచ్చాయి. కొనే ముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. చూపించినవారి దగ్గర తక్కిన మాటలు మాట్లాడవచ్చు. మాట దాటవేసినవారి దగ్గర మాట్లాడవలసింది ఇంకేమీ లేదు.

రెండో అంశం దగ్గర ఎక్కువసేపు ఆగక తప్పదు. అందులోని మాటలు ఇవి: “30, 35 రోజుల పిల్లనే తెచ్చుకోండి, అప్పుడే మనకు మాలిమి అవుతుంది. షాపువారు టీకా వేసే ఇస్తారు కనుక ఇక ఏ రోగమూ రాదు.” ఈ రెండు వాక్యాల వల్ల చచ్చిపోయే కుక్కపిల్లలు ఎన్నో ఉంటాయి.

మొదట చట్టం సంగతి. పైన చెప్పిన రెండు నిబంధనలూ 8 వారాలు నిండని పిల్లను అమ్మడాన్ని నిషేధించాయి. 8 వారాలంటే 56 రోజులు. అంటే ఈ సందేశం పదిమందికీ పంచుతున్నది చట్టం వద్దన్న పనిని చేయమన్న సలహా. ఆ నిషేధం ఊరికే పెట్టింది కాదు. నెల రోజుల పిల్లకు పాలపళ్లు అప్పుడప్పుడే వస్తుంటాయి, అది ఇంకా తల్లి పాలకు వెతుక్కుంటూ ఉంటుంది. మూడో వారం నుంచి తోడబుట్టినవాటితో ఆడుకుంటూ, కరిచి కరిపించుకుంటూ అది నేర్చుకునేది చాలా ఉంటుంది. గట్టిగా కొరికితే రెండో పిల్ల కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. పంటికి ఎంత బలం పెట్టవచ్చో కుక్కపిల్లకు తెలిసేది అక్కడే. ఆ చదువు పూర్తికాకుండా తెచ్చిన పిల్ల ఆరు నెలలకు ఇంట్లో పిల్లల చేతులు గీరుతుంటే, “ఇది మంచి కుక్క కాదు” అని వీధిలో వదిలేసి వచ్చేది కూడా తెచ్చినవారే. ఇక మాలిమి మాటకొస్తే, మనుషులకు అలవాటు పడే వయసు 12, 14 వారాల దాకా ఉంటుంది. 60 రోజుల పిల్ల కూడా నెల రోజుల పిల్ల అంత ప్రేమగానూ మీ వెంట తిరుగుతుంది. అమ్మేవారికి 30 రోజుల పిల్ల ఎందుకు కావాలో నేను చెబుతాను. అది చూడడానికి బొమ్మలా ఉంటుంది. తక్కిన నాలుగు వారాల తిండి ఖర్చు, మందుల ఖర్చు, చచ్చిపోతే నష్టం అన్నీ కొన్నవారి మీదికి పోతాయి.

టీకా సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాల ద్వారా పిల్లకు తల్లి నుంచి రోగనిరోధక శక్తి వస్తుంది. అది వారం వారం తగ్గుతూ పోతుంది గాని, ఏ పిల్లలో ఏ రోజుకు పూర్తిగా తగ్గుతుందో బయటి నుంచి చూసి చెప్పలేము. అది ఉన్నంతకాలం వేసిన టీకాను పని చేయనివ్వదు; బాగా తగ్గాక రోగాన్ని ఆపలేదు. టీకా పట్టక, తల్లి ఇచ్చిన రక్షణా చాలక ఉండే కొన్ని రోజులు ప్రతి పిల్ల బతుకులోనూ వస్తాయి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ రోగం పట్టుకునేది ఆ రోజుల్లోనే. అందుకే పశువైద్యులు 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఒక్క సూదితో “ఏ రోగమూ రాదు” అన్నవారికి ఈ విషయం తెలియదనుకోవాలి, లేదా తెలిసే అంటున్నారనుకోవాలి.

టీకా కార్డు ఇచ్చారు కదా అని మా బంధువులు ఒకరు అడిగారు. ఆ కార్డును చేతిలోకి తీసుకుని చూడండి. సక్రమంగా వేసిన టీకాకు సీసా మీది చిన్న లేబుల్‌ను ఒలిచి కార్డులో అంటిస్తారు. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నేను చూసిన షాపు కార్డుల్లో చాలావాటిలో బాల్ పెన్నుతో వేసిన తేదీ, ఎవరిదో తెలియని సంతకం తప్ప మరేమీ లేవు. ఏ మందు వేశారో, అసలు వేశారో లేదో ఆ కార్డు చూసి ఏ డాక్టరూ చెప్పలేరు.

అన్నీ సరిగ్గా వేశారనే అనుకుందాం. మధ్యాహ్నం పూట ఒక షాపులో అద్దాల గూళ్ల ముందు కాసేపు నిలబడి చూడండి. చింపి పరిచిన న్యూస్‌పేపరు మీద లాబ్రడార్ (ల్యాబ్) పిల్ల, బీగిల్ పిల్ల, షీ జూ పిల్ల ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటాయి. పనిచేసే కుర్రవాడు ఒకే తడిగుడ్డతో మొదటి గూడు నుంచి చివరి గూడు దాకా తుడుచుకుంటూ పోతాడు. మూడు జాతుల పిల్లలంటే ముగ్గురు తల్లులు, మూడు చోట్లు, మూడు చోట్ల రోగాలు. పార్వో మలం ద్వారా, డిస్టెంపర్ అనే మరో వైరస్ రోగం దగ్గు, తుమ్ముల ద్వారా పాకుతాయి. టీకా ఇంకా పట్టని పిల్లలను అలా ఒకచోట చేర్చడమే రోగాన్ని పంచిపెట్టడం. షాపు యజమాని దుర్మార్గుడు కానవసరం లేదు. ఆ అమరికే చాలు.

రేబిస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే “ఏ రోగమూ రాదు” అన్న మాటను జనం అక్కడిదాకా సాగదీస్తున్నారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. నెల రోజుల పిల్లకు ఆ రక్షణ ఉండే అవకాశమే లేదు, అది ఎంత మేలుజాతి పిల్ల అయినా సరే. కొత్తగా తెచ్చిన, పూర్వాపరాలు తెలియని పిల్ల పంటి గాటు పడితే, పాలపళ్లే కదా అని పసుపు అద్ది ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకాలు ఇస్తారు. లక్షణాలు కనిపించిన తర్వాత రేబిస్ నుంచి మనిషిని బతికించే వైద్యం లేదు.

మూడో కారణం కేసీఐ సర్టిఫికెట్. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం తల్లిదండ్రులెవరో, తాతముత్తాతలెవరో చెబుతుంది. ఆరోగ్యం గురించి ఏ హామీ ఇవ్వదు. జర్మన్ షెపర్డ్‌లకు, ల్యాబ్‌లకు తరచుగా వచ్చే తుంటి కీలు లోపం గాని, పగ్‌లకు పుట్టుకతో వచ్చే ఊపిరి ఇబ్బంది గాని అందులో రాసి ఉండవు. కాగితం “తర్వాత వస్తుంది” అన్న షాపు నుంచి అది వచ్చిందా అని కొన్నవారిని మీరే అడగండి.

నాలుగో కారణాన్ని చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. “వారం రోజుల గ్యారంటీ ఇస్తారు, పిల్ల చనిపోతే ఇంకో పిల్లను ఇస్తారు.” పార్వో సోకిన పిల్లలో వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలు కావడానికి చాలావరకు మూడు రోజుల నుంచి వారం పడుతుంది, రెండు వారాలు పట్టడమూ ఉంది. డిస్టెంపర్ బయటపడడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు; కండరాలు అదిరిపోవడం, మూర్ఛలు వంటి నరాల లక్షణాలు, పిల్ల కోలుకున్నదని సంతోషించిన తర్వాత కూడా వస్తాయి. అంటే షాపులో అంటిన రోగం బయటపడేసరికి ఆ వారం గడువు అయిపోయి ఉండవచ్చు. “మీ ఇంట్లో ఏదో పెట్టారు, అందుకే వచ్చింది” అన్న సమాధానం అప్పటికి సిద్ధంగా ఉంటుంది.

అంతకన్నా ఘోరమైనది ఆ రెండో పిల్ల. పార్వో వైరస్ మొండిది. గచ్చు మీద, చాప మీద, తిండి గిన్నె మీద నెలల తరబడి బతుకుతుంది. మనం రోజూ నేల తుడిచే ఫినాయిల్‌ను నమ్ముకోవడానికి లేదు. ముందు మురికి అంతా కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 30 వంతుల నీళ్లు కలిపి, కనీసం పది నిమిషాలు తడిగా ఉంచితే గాని అది చావదు. గుడ్డలను, పరుపులను పారేయడమే మేలు. మొదటి పిల్ల చచ్చిన గదిలోకి, అదే బుట్టలోకి, టీకాలు పూర్తికాని రెండో పిల్లను తెచ్చి పెట్టడం గ్యారంటీ అవుతుందా? మిక్సీ పాడైతే మిక్సీ ఇచ్చినట్టు ఇచ్చేస్తారు, పిల్లలు దానికి పేరు పెట్టేస్తారు, నాలుగు రోజులకు అదీ సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుంటుంది. దీన్ని సదుపాయంగా రాసినవారు ఆ నాలుగు రోజులు ఏ ఇంట్లోనూ ఉండి చూడలేదు.

“బ్రీడర్ కన్నా షాపులో చవక” అన్నది ఐదోది. చవక ఎందుకో ఆలోచించాలి. 2017 నిబంధనల ప్రకారం ఆడకుక్కకు 18 నెలలు నిండాకే ఈనించాలి, వరుసగా రెండు ఎదలకు కట్టించకూడదు, జీవితంలో ఐదు ఈతలు మించకూడదు, ఎనిమిదేళ్లు దాటాక ఈనించకూడదు. ఇవన్నీ పాటించి, తల్లికి మంచి తిండి పెట్టి, 8 వారాలు పిల్లలను సాకినవారు ఆ ధరకు అమ్మలేరు. షాపులో మీకు ఎప్పటికీ కనిపించనిది ఆ తల్లే. వేల్స్‌లోని ఒక కుక్కల ఫారం నుంచి 2013లో బయటపడిన లూసీ అనే తల్లి కుక్క పేరు మీద పోరాడి సాధించుకున్న చట్టం ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉన్నది. ఆరు నెలల లోపు పిల్లలను పెంచినవారే నేరుగా అమ్మాలి, పుట్టినచోట తల్లితో పాటు చూపించి మరీ అమ్మాలి. మధ్యలో దుకాణాలు అమ్మడానికి వీల్లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా 2019 నుంచి పెట్ షాపుల్లో బ్రీడర్ల పిల్లల అమ్మకాన్ని ఆపేసింది. తల్లిని చూడకుండా పిల్లను కొనవద్దన్న మాట మన దగ్గర కొందరికి చాదస్తంగా తోస్తున్నది, ఇంగ్లండులో అది చట్టం.

ఆరోది: “ఏసీ ఉంటే హస్కీ మన ఊళ్లోనూ హాయిగా ఉంటుంది, అదీ ఇంపోర్టెడ్ లైన్.” మంచు ప్రాంతాల జాతి అయిన ఆ కుక్కకు మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో రెండు గంటలు కరెంటు పోతే ఏమవుతుందో రాయలేదు. ఇక ఇంపోర్టెడ్ లైన్, అంటే విదేశీ వంశం, అన్న మాటకొస్తే, అమ్మకం కోసం ఈనించడానికి విదేశాల నుంచి కుక్కలను తెప్పించడాన్ని కేంద్రం 2016లోనే నిషేధించింది. ఇంతకన్నా చెప్పడం దండగ.

ఇక చివరిది. “దత్తత ఇచ్చేవాళ్లు సవాలక్ష ప్రశ్నలతో వేధిస్తారు, వీధి పిల్లలకు కూడా రోగాలు ఉంటాయి.” ఈ రెండు మాటలూ నిజమే, నేను ఒప్పుకుంటున్నాను. అద్దె ఇంట్లో ఉంటున్నారన్న ఒక్క కారణంతో, పెళ్లి కాలేదన్న కారణంతో మంచి మనుషులను తిప్పి పంపిన సంస్థలు ఉన్నాయి. నెల తిరగని పిల్లలను ఫొటోలు పెట్టి పంచేసే దత్తత శిబిరాలూ ఉన్నాయి. వాటిలోనూ పార్వో అలాగే పాకుతుంది, ఉద్దేశం మంచిదని వైరస్ ఆగదు. డబ్బు పెట్టి కొనడమే పాపమన్న వాదనను కూడా నేను సమర్థించను. తల్లిని చూపించి, 8 వారాలు నిండాక, డాక్టరు ఫోన్ నంబరుతో సహా పిల్లను ఇచ్చే బ్రీడర్ దగ్గర కొనుక్కోండి, తప్పేమీ లేదు. వయసు, తల్లి, టీకా వివరాలు అడగడం మాత్రం ఎక్కడ తెచ్చుకున్నా మానకండి.

ఈ సందేశాన్ని నమ్మి ఇప్పటికే చిన్న పిల్లను తెచ్చుకున్నవారు ఉన్నారు, వారికి ఈ నాలుగు మాటలు. షాపు కార్డును పక్కన పెట్టి, రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి టీకాల లెక్క మొదటి నుంచి వేయించండి. మలం పరీక్ష చేయించి నులిపురుగుల మందు వేయించండి. ఆ పురుగులు పసిపిల్లలకూ అంటుకుంటాయి కనుక కుక్కపిల్లను ముట్టుకున్నాక వారి చేతులు కడిగించండి. టీకాలు పూర్తయ్యేదాకా పార్కులో నేల మీద దించకండి, కాని చేతుల్లో ఎత్తుకుని మనుషులను, వాహనాలను, చప్పుళ్లను చూపించండి. తిండి మానేసి మూలన ముడుచుకున్నా, వాంతి చేసుకున్నా తెల్లవారేదాకా ఆగకండి. అంత చిన్న పిల్ల ఒంట్లోని నీరు ఒక్క రాత్రిలోనే పోతుంది, సెలైన్ సమయానికి అందినవాటిలో చాలా పిల్లలు బతుకుతున్నాయి.