హంగరీ ఆస్పత్రి కవరు గారికి ఒక ఉత్తరం

గౌరవనీయులైన తెల్ల కవరు గారికి,

నమస్కారం. 2021 జనవరి 1 నుంచి హంగరీలో రోగి చేతినుంచి డాక్టరు జేబులోకి వెళ్ళే మిమ్మల్ని ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే అని చట్టం వచ్చింది కదా, ఈమధ్య మీకు కాస్త తీరిక చిక్కి ఉంటుందని రాస్తున్నాను. లేకపోతే మీరు దొరికేవారా! ప్రసూతి వార్డు ముందు ఒక పూట, సర్జన్ గది ముందు ఒక పూట, మధ్యలో నర్సుల బల్ల మీద కాఫీ పొడి, చాక్లెట్ పెట్టెల రూపంలో మీ చిన్న తమ్ముళ్ళు.

అక్కడ మిమ్మల్ని హాలాపేన్జ్ అంటారట, కృతజ్ఞత డబ్బు. మాకు మీ వంశం కొత్త కాదులెండి. మా వైపు పిల్లలు బోలెడంతమంది ఎంబీబీఎస్‌కని జార్జియా, కిర్గిజ్‌స్తాన్, రష్యా వెళ్ళి, ఒకప్పుడు సెమాష్కో అనే ఆయన పేరుతో నడిచిన పద్ధతి ఉన్న దేశాల ఆస్పత్రుల్లోనే స్టెతస్కోపు పట్టుకోవడం నేర్చుకుంటున్నారు.

ఆ సెమాష్కో దగ్గర మొదలుపెడితే గానీ మీ జాతకం అర్థం కాదు. ఆయన 1918లో సోవియట్ రష్యాకు తొలి ఆరోగ్య కమిసార్, అంటే మంత్రి. ఆయన పేరుతో నడిచిన పద్ధతి చెప్పుకోవడానికి చాలా తేలిక: ఆస్పత్రి సర్కారుది, డాక్టరు సర్కారు ఉద్యోగి, రోగి పైసా కట్టక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తూర్పు యూరప్ చాలావరకు దాన్నే తెచ్చిపెట్టుకుంది. టీకాలు, క్షయ నివారణ, పల్లెల్లో డాక్టర్లు, ఇలాంటివి బాగానే చేశారు, కాదనను. జీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి ముడుచుకుపోయింది. మంచి డాక్టరును జనమే పోషించుకుంటారని సెమాష్కో అన్నాడని రష్యాలో చెప్పుకుంటారు, అచ్చం అదే మాటను హంగరీలో కమ్యూనిస్టు నేత రాకోషి హయాం ఖాతాలో వేస్తారు. నోటితో ఎవరూ అనకపోయినా జీతాల పట్టిక ఆ మాటే అంటూ వచ్చింది. గుమ్మానికి ఉచితం అని బోర్డు కట్టి, డాక్టరు ఇంటిఖర్చు రోగి మెడకు తగిలించి, ఆ మోసే పని మీకు అప్పజెప్పారు. మీరు కూడా నోరెత్తకుండా మోశారు.

ఇంకో వింత. 1988లో హంగరీలో వ్యక్తిగత ఆదాయపు పన్ను వచ్చాక మీరూ దాని కిందకే వచ్చారు. అంటే కోటు జేబులో గుట్టుగా పడిన సొమ్మును డాక్టరు గారు ఏడాదికోసారి కూర్చుని బుద్ధిగా లెక్క రాసి చూపించాలి. ఎంతమంది నిజం రాసి ఉంటారో మీకే తెలియాలి, నవ్వకండి. పన్ను ఫారంలో సీటు దక్కిన ఇంత హోదా గల మామూలు గురించి నేనింకెక్కడా వినలేదు.

మీ అసలు దర్బారు ప్రసూతి వార్డు. నెలలు నిండకముందే గర్భిణి ఒక డాక్టరును మాట్లాడుకునేది, నొప్పులు ఆదివారం అర్ధరాత్రి వచ్చినా ఆయనే రావాలి, ఆయన వచ్చేది సర్కారు ఆస్పత్రికే, సర్కారు గదిలోకే, సర్కారు పరికరాలతో కాన్పు చేయడానికే. బిల్లు ఉండదు, రేటు చెప్పే బోర్డూ ఉండదు. దాంతో కాబోయే తండ్రికి కాన్పును మించిన టెన్షన్, ఎంత పెట్టాలి? తక్కువైతే ఆయన మొహం మాడుతుందేమో, ఎక్కువైతే ఉయ్యాల కొనడానికి మిగలదు. బావమరిదిని అడుగుతాడు, పోయినేడు పురుడు పోసుకున్న పక్కింటావిడను అడుగుతాడు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల కవరు మీదైనా ఇంటిపేరుతో సహా రాసి ఇస్తాం, వాళ్ళు మనకెంత పెట్టారో పాత నోటుపుస్తకం తీసి చూసుకుని మరీ. మీ మీద పేరుండదు. కారిడార్లో "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ" అంటూనే ఆయన కాస్త పక్కకు తిరుగుతాడు, ఆ తిరగడంలో జేబు మీకు ఎదురుగా వస్తుంది. ఇంత జరిగే చోట టాయిలెట్ కాగితం, సబ్బు, చెంచా మాత్రం ఇంటినుంచి తెచ్చుకోవాలి.

మీ పక్షపాతం గురించి కూడా ఒక మాట అనాలి. సర్జన్లు, ప్రసూతి డాక్టర్లు మీకు ముద్దుబిడ్డలు. గడ్డ ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి అది క్యాన్సరో కాదో తేల్చే ఆయన రోగికి కనపడడు కాబట్టి మీకూ కనపడలేదు. జీతం అందరికీ తక్కువే, మీ దయ మాత్రం కొందరికే.

1989 తర్వాత సోషలిజం పోయింది, మీరు ఉండిపోయారు. ఆస్పత్రుల్ని మునిసిపాలిటీల చేతుల్లో పెట్టారు, ఇరవై ఏళ్ళయ్యాక మళ్ళీ లాక్కున్నారు. ఇన్సూరెన్స్ ఫండ్ పెట్టారు, 1993 నుంచి జబ్బును బట్టి లెక్కగట్టి ఆస్పత్రులకు డబ్బు పంచారు. అన్నిటికీ కమిటీలు, నివేదికలు. ఏ సంస్కరణ వచ్చినా మిమ్మల్ని పక్కకు జరిపి తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది.

మీకు నిజంగా ఎదురొచ్చిన మొనగాడు ఒక్కడే, 300 ఫోరింట్ల రసీదు (ఫోరింటు అంటే అక్కడి రూపాయి). 2007 ఫిబ్రవరిలో సోషలిస్టు, లిబరల్ కూటమి ప్రభుత్వం డాక్టరును చూసినందుకు 300, ఆస్పత్రిలో పడుకుంటే రోజుకు 300 ఫోరింట్ల ఫీజు పెట్టింది. అప్పటి లెక్కలో యూరో మీద కాస్త. దేశం అట్టుడికింది. పేదల పొట్ట కొడుతున్నారు, వైద్యాన్ని అమ్ముకుంటున్నారు అంటూ ప్రతిపక్షం రిఫరెండం తెచ్చింది, 2008 మార్చి 9న ఓటేసినవాళ్ళలో 80 శాతం పైగా ఆ ఫీజు వద్దే వద్దన్నారు. ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు, కొద్ది వారాల్లో కూటమి కూడా విడిపోయింది. పేదవాళ్ళ మీద ఫీజు వేయకూడదన్నది సబబైన మాటే, నేనూ ఉంటే బహుశా వద్దనే వేసేవాణ్ణి. కానీ ఆ ఓటు వేసొచ్చిన మనిషి మర్నాడు అత్తగారి ఆపరేషన్ కోసం మీలో ఇరవై వేల నోటు మడిచిపెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరినప్పుడు మీకెలా అనిపించింది? రసీదు ఇచ్చే 300 మీద జనం విరుచుకుపడ్డారు, రసీదు ఇవ్వని 20,000 మీద ఎవరూ రిఫరెండం అడగలేదు. అంత ప్రచారం జరిగినా మీరు మాత్రం చెక్కుచెదరలేదంటే మీ పలుకుబడికి దండం పెట్టాల్సిందే.

ఈలోగా 2004లో యూరోపియన్ యూనియన్ తలుపు తెరుచుకుంది, కుర్ర డాక్టర్లు మూటాముల్లే సర్దుకుని జర్మనీ, ఆస్ట్రియా, బ్రిటన్ దారి పట్టారు. అప్పుడు సర్కారుకు ఒక ఉపాయం తట్టింది. 2011లో మార్కుషోవ్‌స్కీ అనే పాతకాలపు డాక్టరు పేరున స్కాలర్‌షిప్ పెట్టి, దేశంలోనే ఉంటాను, మిమ్మల్ని ముట్టను అని రాసిచ్చిన కుర్ర డాక్టరుకు నెలకు లక్ష ఫోరింట్లు చేతికిచ్చింది. మీరు వద్దు అనిపించడానికి కూడా డబ్బే ఇవ్వాల్సి వచ్చింది, చూశారా.

చివరికి డాక్టర్ల సంఘమే, అదీ కొత్త అధ్యక్షుడు గ్యులా కించెష్ హయాంలో, మాకు సరైన జీతం ఇవ్వండి, కవరును జైలుకు పంపండి అని అడిగింది. 2020 అక్టోబరులో చట్టం అయింది. 2023 నాటికి కొత్తగా చేరే డాక్టరు జీతం 6 లక్షల 87 వేల ఫోరింట్లు దాటింది. నర్సులకు ఆ స్కేలు లేదు, వాళ్ళు చాక్లెట్ పెట్టెతో సర్దుకోవాలి కాబోలు. మారువేషంలో పోలీసు వచ్చి డాక్టరును పరీక్షించే ఏర్పాటూ చేశారు. ఆ సంఘం మరీ గట్టిగా మాట్లాడుతోందనిపించేసరికి 2023 ఫిబ్రవరి 28న ఒక్క రోజులో చట్టం తెచ్చి అందులో సభ్యత్వం తప్పనిసరి కాదు పొమ్మన్నారు. మీ జోలికి రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది కదా?

మీరు నిజంగా పోయారా అని నా అనుమానం. ఆ మాట్లాడుకున్న డాక్టరు పద్ధతి సర్కారు ఆస్పత్రిలో దాదాపు మూలపడింది, చేతిలో డబ్బున్నవాళ్ళు కాన్పుకు ప్రైవేటు ఆస్పత్రికి వెళుతున్నారు. పొద్దున సర్కారు ఆస్పత్రిలో నెలల తరబడి వెయిటింగ్ ఉందని చెప్పిన డాక్టరే సాయంత్రం ప్రైవేటు క్లినిక్‌లో తీరిగ్గా దొరకొచ్చు. అక్కడ కార్డు గీకితే బిల్లు వస్తుంది. మీకు జీఎస్టీ నంబరు లాంటిదేదో వచ్చినట్టుంది, అంతే తేడా. పేరు మార్చుకుని కౌంటర్లో కూర్చున్నారేమో చెప్పండి, ఎవరితోనూ అనను. రొమేనియాలో నియంత చౌషెస్కూ కాలంలో కెంట్ సిగరెట్ పెట్టెగా తిరిగిన మీ అన్నగారి క్షేమ సమాచారాలు కూడా తెలపగలరు.

జవాబు పోస్టుకార్డు మీదే రాయండి. దయచేసి మీరు స్వయంగా రాకండి, పుచ్చుకున్నా నేరమేనట.

ఇట్లు,
మీ వంశాన్ని దగ్గర్నుంచి ఎరిగిన ఒక తెలుగువాడు